డిస్క్ రైటర్ ఎంచుకోవడం, డ్రైవ్ ఆడియోను సౌండ్ కార్డుకు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్క్ రైటర్ కొనేటప్పుడు చాలామంది డబ్బా మీది పెద్ద అంకె చూసి కొంటారు. పాట వినిపించకపోతే చాలామంది వెంటనే కేబుల్ కోసం వెతుకుతారు. రెండు చోట్లా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. రైటర్ విషయంలో, రాసిన డిస్క్‌ను చివరికి ఏ యంత్రం చదువుతుంది? ఆడియో విషయంలో, శబ్దం ఏ దారిలో వస్తోంది? ఈ రెండూ తెలిస్తే కింద ఉన్న సందేహాల్లో సగం వాటంతట అవే తీరిపోతాయి.

ఇప్పుడు కూడా డిస్క్ రైటర్ కొనడం అవసరమా?

రోజువారీ ఫైళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడానికైతే అక్కర్లేదు, పెన్ డ్రైవ్ చాలు. కానీ రెండు పనులకు డిస్క్ ఇప్పటికీ మంచిదని నా నమ్మకం. మొదటిది, పాత సీడీ ప్లేయర్లు, కార్ స్టీరియోలు ఉన్నవాళ్లకు ఆడియో సీడీ రాసి ఇవ్వడం. రెండోది, ఒకసారి రాశాక ఎవరూ పొరపాటున చెరపకూడని వాటిని దాచుకోవడం. ఫొటోలు, గొంతు రికార్డింగులు, స్కాన్ చేసిన కాగితాలు ఈ కోవలోకి వస్తాయి. ఒక్కసారే రాయగల డిస్క్ మీద ఉన్న ఫైల్‌ను వైరస్ వచ్చి మార్చేయలేదు, చెయ్యి జారి డిలీట్ కొట్టినా పోదు.

రాసుకునే డిస్కుల మార్కెట్ మాత్రం చిన్నదవుతోంది. రాయగల బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాబట్టి రైటర్ కొంటే, దానితో పాటే కొన్ని మంచి ఖాళీ డిస్కులు కూడా తెచ్చి పెట్టుకోండి.

సీడీ రైటర్, కాంబో, డీవీడీ రైటర్, బ్లూ-రే రైటర్... ఏది తీసుకోవాలి?

సీడీ రైటర్ సీడీలు మాత్రమే చదువుతుంది, రాస్తుంది. కాంబో డ్రైవ్ సీడీలు రాస్తుంది, డీవీడీలను చదవడం వరకే. పాత సామానులో కాంబో దొరికి, అది డీవీడీలు రాస్తుందని కొని నిరాశపడ్డవాళ్లు ఎందరో. ముందు ప్యానెల్ మీద గుర్తులు చూడండి: డీవీడీ గుర్తు కింద రైటింగ్‌కు సంబంధించిన మాట లేకపోతే అది చదివేదే.

డీవీడీ రైటర్ సీడీలు, డీవీడీలు రెండూ రాస్తుంది. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. సీడీలో 700 ఎంబీ పడితే, ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ పడుతుంది. 4.7 జీబీ డిస్క్ కంప్యూటర్‌లో 4.37గా కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారులు వెయ్యి లెక్కన, కంప్యూటర్ 1024 లెక్కన లెక్కిస్తారు, అంతే.

బ్లూ-రే రైటర్ ఎక్కువ డేటా దాచుకునేవారికి. ఒక పొరలో 25 జీబీ, రెండు పొరల్లో 50 జీబీ, బీడీఎక్స్ఎల్ రకంలో 100 జీబీ, ఆపైన కూడా పడుతుంది. ఇందులో లేజర్ రంగే వేరు. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, బ్లూ-రేకు 405. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ వేసినా డీవీడీ రైటర్ బ్లూ-రే డిస్క్‌ను చదవలేదు. బ్లూ-రే డిస్కుల్లో కూడా ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్నవి సీడీల్లాగే సేంద్రియ రంగు పూత వాడతాయి. ఎక్కువకాలం దాచుకోవడానికి అవి కాకుండా మామూలు హెచ్‌టీఎల్ రకమే తీసుకోమంటాను.

డ్రైవ్ మీద 52, 32, 52 అని మూడు అంకెలు ఉన్నాయి. ఏది దేనికి?

సీడీ రైటర్ మీద మొదటిది ఒకసారి రాసే సీడీ-ఆర్ వేగం, రెండోది మళ్లీ మళ్లీ రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ వేగం, మూడోది చదివే వేగం.

ఒక విషయం గుర్తుంచుకోండి: సీడీలో ఒక ఎక్స్, డీవీడీలో ఒక ఎక్స్, బ్లూ-రేలో ఒక ఎక్స్ సమానం కావు. సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ. డీవీడీకి 1ఎక్స్ అంటే దాదాపు 1.385 ఎంబీ, అంటే సీడీకి తొమ్మిది రెట్లు. బ్లూ-రేకు 4.5 ఎంబీ. కాబట్టి 16ఎక్స్ డీవీడీ రైటర్ 52ఎక్స్ సీడీ రైటర్ కంటే నెమ్మది అనుకోవడం పొరపాటు. అది సెకనుకు 22 ఎంబీ రాస్తుంది, 52ఎక్స్ సీడీ రైటర్ 8 ఎంబీ కూడా దాటదు.

ఎక్కువ వేగం ఉన్న రైటరే మంచిదా?

కాదు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డిస్కులు చెడేది ఇక్కడే.

డబ్బా మీద కనిపించే వేగం డిస్క్ మొత్తానికీ వర్తించదు. డ్రైవ్ డిస్క్ లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు రాస్తూ పోతుంది. చుట్లు తిరిగే వేగం ఒకటే అయినా, బయటి అంచున ఒక్క చుట్టులో ఎక్కువ దూరం కదులుతుంది కాబట్టి అక్కడే ఆ పెద్ద అంకె వస్తుంది. లోపల మొదలయ్యేటప్పుడు 52ఎక్స్ డ్రైవ్ కూడా అందులో సగం కంటే తక్కువలోనే ఉంటుంది. 52ఎక్స్ దగ్గర డిస్క్ నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. సన్నటి పగులున్న డిస్క్ ఆ వేగంలో డ్రైవ్ లోపలే ముక్కలైపోయిన సందర్భాలు ఉన్నాయి. పగిలిన డిస్క్‌ను ఎప్పుడూ లోపల పెట్టకండి.

ఇంకో సంగతి: ఎంత వేగంగా రాస్తే లేజర్‌కు ఒక్కో గుర్తు కాల్చడానికి అంత తక్కువ సమయం దొరుకుతుంది. డిస్క్ కొంచెం వంకరగా ఉన్నా, పూత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ లోపం బయటి అంచునే బయటపడుతుంది.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మా నాయనమ్మ పాడిన పాటల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒకే ఒక్క సీడీగా, ఉన్న వేగమంతా పెట్టి రాశాను. రాయడం అయిపోయిందని మెసేజ్ వచ్చింది, సరిచూడలేదు. హార్డ్ డిస్క్‌లో కాపీ తీసేశాను. క్యాసెట్ మీద తర్వాత ఎవరో ఇంకేదో రికార్డు చేశారు. కొన్నేళ్లకు ఆ సీడీ పెడితే ముందు పాటలన్నీ బాగా వచ్చాయి, చివరి రెండు పాటలు మాత్రం చదవలేదు. చివరి పాటలంటే బయటి అంచు. ఆ రోజు నుంచి ఏ డిస్కైనా మధ్యస్థ వేగంలో రాసి, వెంటనే సరిచూసి, రెండో కాపీ తీసి వేరే చోట పెడుతున్నాను.

ఆడియో సీడీకి 16ఎక్స్ నుంచి 24ఎక్స్, 16ఎక్స్ డీవీడీకి 8ఎక్స్, ఇవి నేను వాడే వేగాలు. 24ఎక్స్‌లో సీడీకి నాలుగు నిమిషాలు, 8ఎక్స్‌లో డీవీడీకి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. అలాగని మరీ కిందకి, 1ఎక్స్‌కో 2ఎక్స్‌కో దిగాల్సిన పని లేదు. ఇప్పటి డిస్కుల పూత ఎక్కువ వేగాల కోసం తయారైంది. చాలా డ్రైవ్‌లు అంత తక్కువ వేగాన్ని అసలు చూపించవు కూడా.

ప్లస్, డాష్ అని రెండు రకాల డీవీడీలు ఎందుకు? ఏది కొనాలి?

డీవీడీ-ఆర్ 1997లో వచ్చింది, డీవీడీ+ఆర్ 2002లో వేరే కంపెనీల కూటమి నుంచి వచ్చింది. ఇప్పటి రైటర్లన్నీ రెండింటినీ రాస్తాయి, కాబట్టి రైటర్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. చూడాల్సింది ప్లేయర్. టీవీ కింద ఉన్న ప్లేయర్ బాగా పాతదైతే డాష్ రకం ముందు ప్రయత్నించండి. ప్లస్ రకమే చేతిలో ఉంటే, కొన్ని రైటర్లలో బుక్ టైప్ మార్చే సౌకర్యం ఉంటుంది. దాంతో ఆ డిస్క్ తనను తాను మామూలు డీవీడీ-రామ్‌గా చెప్పుకుంటుంది, పాత ప్లేయర్లు కూడా ఒప్పుకుంటాయి. ఇక్కడ రామ్ అంటే చదవడానికి మాత్రమే వీలైన అచ్చు డిస్క్. మళ్లీ మళ్లీ రాసుకునే డీవీడీ-ర్యామ్ పూర్తిగా వేరు.

లోపల బిగించేదా, బయట యూఎస్‌బీకి పెట్టేదా?

క్యాబినెట్‌లో చోటు ఉంటే లోపలిదే నా ఓటు. పూర్తి సైజు డ్రైవ్‌లో మోటారు, లేజర్ గట్టిగా ఉంటాయి, వేగం ఎక్కువ, సాధారణంగా ఎక్కువకాలం మన్నుతుంది. సన్నటి యూఎస్‌బీ డ్రైవ్‌లు ఎక్కువగా డీవీడీకి 8ఎక్స్, సీడీకి 24ఎక్స్ దగ్గర ఆగుతాయి. పైన చెప్పిన లెక్కన అది లోపమేమీ కాదు.

యూఎస్‌బీ డ్రైవ్‌లో అసలు సమస్య కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. చదివేటప్పుడు బాగానే ఉండి, రాసేటప్పుడు లేజర్ శక్తి పెరగగానే డ్రైవ్ ఆగిపోతే డిస్క్‌ను తప్పుపట్టకండి. క్యాబినెట్ వెనక ఉన్న పోర్ట్‌కు నేరుగా పెట్టండి. కరెంటు లేని హబ్బులు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వద్దు. డ్రైవ్‌తో రెండు మొనల కేబుల్ వస్తే రెండు మొనలూ పెట్టండి.

రాస్తుండగా కంప్యూటర్ వాడితే డిస్క్ పాడవుతుందా?

ఒకప్పుడు పాడయ్యేది. రైటర్‌కు డేటా ఆగకుండా అందాలి. అందకపోతే లేజర్ మధ్యలో ఆగి డిస్క్ పనికిరాకుండా పోయేది. దీన్నే బఫర్ అండర్‌రన్ అంటారు. 2000లో సాన్యో బర్న్-ప్రూఫ్ పేరుతో దీనికి విరుగుడు తెచ్చింది. డేటా ఆగితే లేజర్ ఆగి, తిరిగి అదే చోట కలుపుతుంది. తర్వాత మిగతా కంపెనీలూ వేర్వేరు పేర్లతో ఇదే పెట్టాయి. అంతకు ముందు తయారైన రైటర్ వాడుతుంటే, రాసేంతసేపూ ఇంకేమీ తెరవకండి.

మళ్లీ మళ్లీ రాసుకునే సీడీ మీద పాటలు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ పాత ప్లేయర్లు చాలావరకు చదవలేవు. అచ్చు వేసిన సీడీ వెలుగులో 70 శాతం పైగా వెనక్కి పంపితే, సీడీ-ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతమే పంపుతుంది. ప్లేయర్ కంటికి అది ఆనదు. ప్రయోగాలకు వాడుకోండి, ఎవరికైనా ఇచ్చేది మాత్రం సీడీ-ఆర్ మీదే రాయండి.

పాత రైటర్ దొరికింది. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

అచ్చు వేసిన సీడీ, అచ్చు వేసిన డీవీడీ, మీరు రాసిన సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ ఒక్కొక్కటి పెట్టి చూడండి. సీడీకి, డీవీడీకి లేజర్లు వేరు కాబట్టి ఒకటి చచ్చిపోయినా ఇంకోటి పనిచేయవచ్చు. తర్వాత ఒక డిస్క్ నిండా రాసి, చివరి ఫైల్ వరకు సరిచూడండి. సగం నిండిన డిస్క్‌తో చేసిన పరీక్ష పరీక్ష కాదు. ట్రే ముందుకీ వెనక్కీ ఇబ్బంది పడుతుంటే లోపల రబ్బరు బెల్ట్ సాగి ఉంటుంది. అది చిన్న రిపేరే, డ్రైవ్ పారేయకండి.

డ్రైవ్‌కు, సౌండ్ కార్డుకు మధ్య అసలు ఆ సన్నటి కేబుల్ ఎందుకు?

ఆడియో సీడీ శబ్దం స్పీకర్‌కు చేరడానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, పాతది, అనలాగ్ దారి. డ్రైవ్ తనే ఒక సీడీ ప్లేయర్. పాటను తనలోనే శబ్ద తరంగంగా మార్చి, వెనక ఉన్న నాలుగు పిన్నుల సాకెట్ నుంచి పంపుతుంది. కేబుల్ దాన్ని సౌండ్ కార్డుకు తీసుకెళ్తుంది, కార్డు మిగతా శబ్దాలతో కలిపి స్పీకర్‌కు ఇస్తుంది. ప్రాసెసర్‌కు పనే ఉండదు. కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇది చాలా తెలివైన ఏర్పాటు.

రెండోది, డ్రైవ్ వెనక రెండు పిన్నుల డిజిటల్ సాకెట్. పాటను అంకెల రూపంలోనే సౌండ్ కార్డుకు పంపితే, కార్డు శబ్దంగా మారుస్తుంది.

మూడోది ఇప్పుడు అందరూ వాడేది. డేటా వచ్చే కేబుల్‌లోనే, అంటే ఐడీఈ (పాత రకం వెడల్పాటి కేబుల్), సాటా (కొత్త రకం సన్నటి కేబుల్) లేదా యూఎస్‌బీ ద్వారానే, పాట అంకెలు కంప్యూటర్‌లోకి వస్తాయి. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాటిని సౌండ్ కార్డుకు ఇస్తుంది. దీనికి ఆడియో కేబుల్ అక్కర్లేదు.

ఏ సమస్య వచ్చినా ముందు మీ పాట ఈ మూడింటిలో ఏ దారిలో వస్తోందో చూడండి. మొదటి దారికి కేబుల్ కావాలి. మూడో దారిలో వస్తున్న పాటకు కేబుల్ ఎంత సరిచేసినా ఏమీ మారదు.

డ్రైవ్ వెనక ఏ సాకెట్ ఏదో ఎలా గుర్తుపట్టాలి?

ఐడీఈ డ్రైవ్‌ను వెనక నుంచి చూస్తే సాధారణంగా ఎడమ నుంచి కుడికి వరుస ఇలా ఉంటుంది: రెండు పిన్నుల డిజిటల్ ఆడియో, నాలుగు పిన్నుల అనలాగ్ ఆడియో, మాస్టర్-స్లేవ్ జంపర్, 40 పిన్నుల డేటా సాకెట్, చివర పెద్ద నాలుగు రంధ్రాల కరెంటు సాకెట్. స్టిక్కర్ మీద కుడికి ఆర్, ఎడమకు ఎల్, గ్రౌండ్‌కు జీ, డిజిటల్‌కు డీ అని అక్షరాలు ఉంటాయి. డేటా కేబుల్ ఎర్ర గీత కరెంటు సాకెట్ వైపు ఉండాలి.

సౌండ్ కార్డు మీద దేనికి పెట్టాలి?

సీడీ ఇన్ అని అచ్చు ఉన్న నాలుగు పిన్నుల సాకెట్‌కు. చాలా కార్డుల మీద అది నలుపు రంగులో, పక్కన ఆక్స్ ఇన్ తెలుపులో ఉంటాయి. పచ్చగా ఉండే టీఏడీ సాకెట్ మోడెమ్‌ది, దానికి పెట్టకండి. రంగుల కంటే బోర్డు మీది అక్షరాలనే నమ్మండి. విడిగా సౌండ్ కార్డు లేకపోతే మదర్ బోర్డు మీద కూడా ఇదే పేరుతో సాకెట్ ఉండవచ్చు. కొత్త బోర్డుల్లో తీసేశారు.

పని మొదలుపెట్టే ముందు కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. కనెక్టర్‌కు ఒక వైపు చిన్న గాడి ఉంటుంది, అది సరిపోయే వైపే లోపలికి వెళ్తుంది. వెళ్లకపోతే బలవంతం చేయకండి. కేబుల్‌ను ఫ్యాన్ రెక్కలకు, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే) డబ్బాకు దూరంగా లాగండి.

కేబుల్ పెట్టాను. అయినా పాట రావడం లేదు.

ముందుగా డ్రైవ్ ముందు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటే దానికి ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. అక్కడ పాట వస్తోందంటే డ్రైవ్ బాగుంది, తేడా కేబుల్‌లోనో కార్డులోనో ఉంది. ఇంత తేలిక పరీక్ష ఇంకోటి లేదు.

తర్వాత వాల్యూమ్ కంట్రోల్ తెరిచి సీడీ అనే స్లైడర్ చూడండి. అది మ్యూట్‌లో ఉండటమే అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం. అసలు ఆ స్లైడరే కనిపించకపోతే, ఎక్స్‌పీ లాంటి పాత విండోస్‌లో ఆప్షన్స్‌లో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి దానికి టిక్ పెట్టాలి. లినక్స్‌లో అల్సామిక్సర్ తెరిచి, సీడీ కింద రెండు ఎమ్‌లు కనిపిస్తే ఎమ్ నొక్కండి, మ్యూట్ పోతుంది.

విండోస్ ఎక్స్‌పీలో ఇంకో చోటు కూడా చూడాలి. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిస్తే, డిజిటల్ సీడీ ఆడియోను అనుమతించే టిక్ ఒకటి ఉంటుంది. టిక్ ఉంటే మూడో దారి, తీసేస్తే మొదటి దారి. కేబుల్ లేనివాళ్లు టిక్ పెట్టుకుంటే చాలు, సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఒక స్పీకర్‌లోనే పాట వస్తోంది.

పాత కార్డులకు, డ్రైవ్‌లకు పిన్నుల వరుస ఒక్కటిగా ఉండేది కాదు. కొన్నింట్లో రెండు గ్రౌండ్లు మధ్యలో, కొన్నింట్లో ఒకటి విడిచి ఒకటి. వరుస కలవకపోతే ఒక వైపు శబ్దం పోయి గ్రౌండ్‌లో పడుతుంది. డ్రైవ్ స్టిక్కర్, కార్డు మీది అక్షరాలు పక్కపక్కన రాసుకుని పోల్చండి. కలవకపోతే ప్లాస్టిక్ కనెక్టర్‌లోని చిన్న నాలుకను గుండుసూదితో నొక్కి, తీగ బయటికి లాగి, సరైన గదిలో పెట్టవచ్చు. అందుకోసం కొత్త కేబుల్ కొననక్కర్లేదు.

అనలాగ్ మంచిదా, డిజిటల్ మంచిదా?

వినడానికి డిజిటలే, అంటే మూడో దారి. కంప్యూటర్ క్యాబినెట్ లోపల మోటార్లు, ఫ్యాన్లు, ఎస్‌ఎంపీఎస్ అన్నీ విద్యుత్ రొద చేస్తుంటాయి. ఆ సన్నటి తీగ దాన్నంతా పోగేస్తుంది. అనలాగ్ దారి మిగిలింది పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు, పాత ఆటలకు, మరీ నెమ్మది కంప్యూటర్లకు.

రెండు పిన్నుల డిజిటల్ కేబుల్ పెట్టాలనుకుంటే కార్డు మీద సీడీ ఎస్‌పీడిఫ్ అనే సాకెట్ ఉందో లేదో చూడండి. డ్రైవ్ పంపే ఆ సిగ్నల్ టీటీఎల్ అనే, చిప్‌ల మధ్య వాడే ఎక్కువ వోల్టేజీ స్థాయిలో ఉంటుంది, బయటి ఆంప్లిఫయర్ల కోయాక్సియల్ ఇన్‌పుట్ అర వోల్టు స్థాయికి తయారైంది. కాబట్టి దాన్ని నేరుగా ఆంప్లిఫయర్‌కు కలపకండి.

రెండు డ్రైవ్‌లు ఉన్నాయి. కేబుళ్లను కలిపి ఒకే సాకెట్‌కు ఇవ్వవచ్చా?

వద్దు. రెండు అవుట్‌పుట్లను ముడివేస్తే ఒకదాని శబ్దాన్ని ఇంకోటి లాగేస్తుంది, గొంతు నీరసంగా, వంకరగా వస్తుంది. ఒకటి సీడీ ఇన్‌కు, రెండోది ఆక్స్ ఇన్‌కు పెట్టండి. లేదా పాటలు ఎప్పుడూ ఒక డ్రైవ్‌లోనే వినండి.

స్పీకర్‌లో గుయ్యిమని రొద. మౌస్ కదిపితే కిర్రుమంటోంది.

వాడని అనలాగ్ ఇన్‌పుట్లన్నీ మ్యూట్ చేయండి: సీడీ, ఆక్స్, లైన్ ఇన్, మైక్. డ్రైవ్ చివర ఊడిపోయి గాల్లో వేలాడుతున్న ఆడియో కేబుల్ ఉంటే అది అచ్చం యాంటెనాలా పనిచేస్తుంది, తీసేయండి. చాలా కంప్యూటర్లలో ఈ రొద అంతటితో పోతుంది.

పాత ఆట ఆడుతుంటే చప్పుళ్లు వస్తున్నాయి కానీ సంగీతం లేదు.

1990ల్లో చాలా ఆటల డిస్కులు మిశ్రమంగా ఉండేవి. మొదటి ట్రాక్ ఆట డేటా, మిగతా ట్రాకులు మామూలు ఆడియో సీడీ పాటలు. తుపాకీ మోత లాంటివి డేటాలోంచి వస్తాయి, సంగీతాన్ని మాత్రం డ్రైవ్‌నే వాయించమని ఆట అడుగుతుంది. కేబుల్ లేకపోతే డ్రైవ్ వాయిస్తూనే ఉంటుంది, మనకు వినిపించదు. కేబుల్ పెట్టండి, లేదా పైన చెప్పిన డిజిటల్ టిక్ ప్రయత్నించండి. హార్డ్ డిస్క్‌కు డేటా ట్రాక్ ఒక్కటే కాపీ చేసుకున్నవాళ్లకు మాత్రం సంగీతం ఎలాగూ రాదు. పాటల ట్రాకులు ఆ కాపీలో లేవు.

కొత్త సాటా డ్రైవ్ వెనక ఆడియో సాకెట్ లేదు. లోపం ఉందా?

లేదు. అందరూ మూడో దారికి మారాక తయారీదారులు ఆ సాకెట్ తీసేశారు. యూఎస్‌బీ డ్రైవ్‌లూ అంతే.

పాట ఆగి ఆగి వస్తోంది, రాయడమూ చాలా నెమ్మదిగా ఉంది.

ఐడీఈ డ్రైవ్, విండోస్ ఎక్స్‌పీ ఉంటే ముందు పీఐఓ మోడ్‌ను (డేటాను ప్రాసెసరే మోసే నెమ్మది పద్ధతిని) అనుమానించండి. డ్రైవ్ ఆరుసార్ల కంటే ఎక్కువ తప్పులు ఇస్తే ఎక్స్‌పీ దాన్ని డీఎంఏ అనే వేగమైన పద్ధతి నుంచి మెల్లగా దించుకుంటూ పీఐఓకు తెస్తుంది, తర్వాత తనంతట తాను పైకి పోదు. ఒక్క గీతలు పడ్డ డిస్క్ చాలు ఇలా జరగడానికి. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. పీఐఓ అని ఉంటే ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని మళ్లీ కొత్తగా గుర్తించి డీఎంఏ ఇస్తుంది. డిస్క్ నుంచి డిస్క్‌కు నేరుగా కాపీ చేసేవాళ్లు రెండు డ్రైవ్‌లనూ వేర్వేరు ఐడీఈ కేబుళ్ల మీద పెట్టుకోవాలి.

ఆడియో కేబుల్ మంచిదైతే కాపీ చేసిన పాట నాణ్యత పెరుగుతుందా?

పెరగదు. పాటను ఫైల్‌గా తీయడం (రిప్ చేయడం), డిస్క్ రాయడం అన్నీ డేటా కేబుల్ మీదే జరుగుతాయి. అక్కడ తేడా చూపేది డ్రైవ్ చదివే తీరు. ఆడియో సీడీలో ఒక్కో సెక్టార్‌లో, అంటే ఒక్కో చిన్న ముక్కలో, 2,352 బైట్లు మొత్తం శబ్దానికే పోతాయి. డేటా సీడీలో 2,048 బైట్లే డేటా, మిగతా చోటు చాలావరకు తప్పులు దిద్దే అదనపు కట్టుదిట్టానికి. అందుకే గీతలు పడ్డ డేటా సీడీ చదివినంత కచ్చితంగా ఆడియో సీడీని చదవడం కష్టం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్‌లో సీడీపారనోయా అనుమానం వచ్చిన చోటును మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటాయి. నెమ్మదే, కానీ పాత సీడీలకు వాటినే వాడండి.

రాసిన ఆడియో సీడీలో పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తోంది.

ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో రాశారు. ప్రతి పాట తర్వాత లేజర్ ఆగి మొదలవుతుంది. డిస్క్-ఎట్-వన్స్ (డిస్క్ మొత్తాన్నీ ఆగకుండా ఒకేసారి రాసేది) ఎంచుకుని, సాఫ్ట్‌వేర్‌లో పాటల మధ్య ఖాళీని సున్నా చేయండి. కచేరీ రికార్డింగులకు ఇది తప్పనిసరి, లేకపోతే చప్పట్ల మధ్యలో గుంట పడినట్టు ఉంటుంది.

ఎంపీ3 పాటలను ఆడియో సీడీగా రాస్తే సీడీ నాణ్యత వస్తుందా?

ఫైల్ సెకనుకు 44,100 నమూనాల, 16 బిట్ల సీడీ రూపంలోకి మారుతుంది, కానీ ఎంపీ3 చేసినప్పుడు పోయిన వివరాలు తిరిగి రావు. 80 నిమిషాలే పడతాయి, అది కూడా గుర్తుంచుకోండి. మీ ప్లేయర్ ఎంపీ3 చదివేదైతే వాటిని డేటా సీడీగా రాసుకుంటే వంద పాటలకు పైగా పడతాయి.

రాసిన డిస్క్‌ను ఎలా దాచాలి? పేరు దేంతో రాయాలి?

సీడీలో మెరిసే పొర పై వైపు, పేరు రాసే వైపు, సన్నటి లక్క పూత కిందే ఉంటుంది. అందుకే కింది వైపు గీత కంటే పై వైపు గీత ప్రమాదం. కింది గీతను పాలిష్ చేయవచ్చు, పైన పొర లేచిపోతే అక్కడి పాట పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, కొంత నయం. బాల్‌పెన్ అసలు వద్దు. మెత్తటి మొన ఉన్న, నీళ్ల ఆధారిత మార్కర్‌తో మధ్యలో ఉన్న పారదర్శక వలయం మీద రాయండి. కాగితపు స్టిక్కర్ అంటించకండి, డిస్క్ తూకం తప్పుతుంది, కొన్నాళ్లకు అంచు లేస్తుంది. ఎండ తగలని, తేమ లేని చోట, డబ్బాలో నిలబెట్టి ఉంచండి. రెండేళ్లకోసారి చివరి ట్రాక్ తెరిచి చూడండి. చదవడానికి తడబడుతుంటే ఆ రోజే కొత్త డిస్క్ మీదికి కాపీ చేయండి.